బతికుండగానే ఇవ్వాలి

2024 మార్చి 30న రాష్ట్రపతి భవన్‌లో భారతరత్న ప్రదానం జరుగుతుంటే ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నాం. పీవీ నరసింహారావు గారి పేరు చదివారు. వారి అబ్బాయి ప్రభాకరరావు గారు వెళ్లి అందుకున్నారు. గర్వంతో కళ్లు చెమర్చాయి. ఆ వెనకే గుండెలో ఏదో కలుక్కుమంది. చరణ్ సింగ్, కర్పూరీ ఠాకూర్, స్వామినాథన్ గార్ల తరఫున కూడా కుటుంబ సభ్యులే వచ్చారు. ఆ ఏడాది ప్రకటించిన ఐదుగురిలో బతికున్నది అద్వానీ గారొక్కరే. మర్నాడు రాష్ట్రపతే వారింటికి వెళ్లి ఇచ్చి వచ్చారు.

పీవీ గారు 1996లో ప్రధాని పదవి నుంచి దిగారు. 2004 డిసెంబరు 23న పోయారు. మధ్యలో ఎనిమిదేళ్లు ఉన్నాయి. 1991లో ఆయన పగ్గాలు పట్టేనాటికి దేశం దగ్గరున్న విదేశీ మారకం కొద్ది వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయేది. ఆయన, మన్మోహన్ సింగ్ గారు కలిసి లైసెన్సుల రాజ్యాన్ని చాలావరకు ఎత్తేశారు. ఈ పత్రిక చదువుతున్న మనలో ఎంతోమంది ఇంజనీర్లం ఆ తర్వాత తెరుచుకున్న తలుపుల్లోంచే బయటి ప్రపంచంలోకి వచ్చాం. ఆయన చేసిన మేలు ఆయన కళ్లముందే కనబడింది. పతకం రావడానికి మాత్రం పోయాక ఇంకో పందొమ్మిదేళ్లు పట్టింది.

స్వామినాథన్ గారి సంగతి తలచుకుంటే ఇంకా బాధ. 98 ఏళ్లు బతికారాయన. 1960ల్లో గోధుమ పంటను మార్చి తిండిగింజల కరువు నుంచి దేశాన్ని గట్టెక్కించినవారిలో ముందువరసలో ఉన్నారు. ప్రపంచ ఆహార బహుమతి మొట్టమొదట, 1987లో, ఆయనకే ఇచ్చారు. 2023 సెప్టెంబరు 28న కన్నుమూశారు. భారతరత్న ప్రకటన 2024 ఫిబ్రవరి 9న వచ్చింది. నాలుగున్నర నెలలు! అంతకు ముందు దశాబ్దాల పాటు ఎవరికీ తీరిక దొరకలేదా?

1954 జనవరిలో ఈ పురస్కారం పెట్టినప్పుడు మరణానంతరం ఇచ్చే వీలే లేదు. మరుసటి ఏడాది నిబంధన మార్చారు. అయినా చాలాకాలం ఆ వీలును పొదుపుగానే వాడారు. లాల్ బహదూర్ శాస్త్రి, కామరాజ్, వినోబా భావే, ఎమ్జీఆర్, వీళ్లందరికీ పోయిన కొన్ని నెలల్లోనే ఇచ్చారు. 1990లో అంబేద్కర్ గారికి ఇచ్చింది మాత్రం ఆయన పోయిన 33 ఏళ్లకు. ఆ తప్పు దిద్దాల్సిందే, దానిమీద నాకు రెండో మాట లేదు. కానీ ఆ తర్వాత "ఎప్పుడో ఒకప్పుడు ఇవ్వొచ్చులే" అనే ధోరణి బలపడింది. ఎన్నేళ్ల తర్వాతైనా ఇవ్వొచ్చంటే ఇవాళే ఇవ్వాలన్న తొందర ఎవరికుంటుంది?

పద్మ పురస్కారాలకు ఈ ఇబ్బంది అంతగా లేదు. మరణానంతరం మామూలుగా ఇవ్వరు. చాలా అర్హులైతే, గణతంత్ర దినోత్సవానికి ముందు ఏడాదిలోపు పోయినవారి పేరు పరిశీలిస్తారు. భారతరత్నకూ ఆ ఏడాది గడువే పెట్టాలని నా గట్టి అభిప్రాయం. ఈ పురస్కారం పుట్టకముందే పోయినవాళ్ల సంగతి వేరు. కొత్త మందులు కనిపెట్టిన మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1948లోనే న్యూయార్క్‌లో పోయారు, ఆయనకు బతికుండగా ఇచ్చే దారే లేదు. అలాంటివాళ్లకు మినహాయింపు ఉండాలి.

వయసు మళ్లినవాళ్లకైనా చేతికి అందించిన రోజులున్నాయి. మూసీ వరదల నుంచి హైదరాబాదును కాపాడే పథకం వేసిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారికి 1955లో ఇచ్చారు, అప్పటికే ఆయన తొంభై దాటారు. మహిళల చదువు కోసం జీవితాన్ని ధారపోసిన కర్వే గారికి 1958లో ఇచ్చేటప్పటికి ఆయనకు నూరేళ్లు. ఇద్దరూ ఆ తర్వాత కొన్నేళ్లు బతికారు.

ఇక మన తెలుగు సంఘాల సంగతి. ప్రతి మహాసభలో ఒక తీర్మానం ఉంటుంది: ఎన్టీఆర్ గారికి ఇవ్వాలి, పింగళి వెంకయ్య గారికి ఇవ్వాలి. ఇద్దరిమీదా నాకు అపారమైన గౌరవం ఉంది. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. అయితే ఆ కాగితాల్లో బతికున్న మనిషి పేరు ఒక్కటీ నాకు గుర్తు లేదు. ఆడవాళ్ల పేరు అంతకన్నా లేదు. రాజమండ్రిలో పుట్టి, రాజ్యాంగ సభలో కూర్చుని, ఆంధ్ర మహిళా సభను నిలబెట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1981 దాకా ఉన్నారు. ఆమెకు పద్మవిభూషణ్ దగ్గరే ఆగిపోయింది.

భారతరత్నకు ప్రధాని సిఫారసు చేయాలి, మన చేతిలో ఏమీ లేదు. పద్మ పురస్కారాలకు అలా కాదు. ఆన్‌లైన్‌లో ఎవరైనా ఎవరి పేరైనా పంపొచ్చు. ఆ మనిషి చేసిన పని గురించి 800 మాటలకు మించకుండా రాయాలి, అంతే. ఊళ్లో బడి నడిపే టీచరమ్మ గురించి, నేత మగ్గం కొత్తగా మలిచిన మనిషి గురించి, నలభై ఏళ్లుగా తోలుబొమ్మలాట ఆడిస్తున్న పెద్దాయన గురించి ఆ 800 మాటలు రాసిపెట్టేవాళ్లు లేకే ఎన్నో పేర్లు ఢిల్లీ దాకా వెళ్లడం లేదు. ఈసారి సర్వసభ్య సమావేశంలో తీర్మానం బదులు ఐదు పేర్లు తీసుకుందాం, ఐదూ బతికున్నవాళ్లవే. వాళ్ల ఊరికి ఫోన్లు చేసి వివరాలు సేకరించే పని, ఫారాలు నింపే పని నాకు అప్పజెప్పండి.