కోరం అక్కరలేని సభ

మా ఊరి పక్కనున్న గ్యాస్ కేంద్రాన్ని విస్తరిస్తారట. ప్రజాభిప్రాయ సేకరణకు రమ్మని టముకు వేశారు. కోనసీమ వాడిగా నా అభిప్రాయం ముందే స్థిరపడిపోయింది: నిక్షేపంగా విస్తరించండి. కొబ్బరిచెట్టుకూ చెట్టుకూ మధ్య ఇంకా బోలెడంత చోటు వృథాగా పడి ఉంది.

విస్తరణ మాకేమీ కొత్త కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాస్ బావి ఎవరి అనుమతీ అడక్కుండా తనంతట తానే విస్తరించింది. ఏకంగా 65 రోజులు మండింది. ఆర్పడానికి అమెరికా నుంచి నిపుణులు దిగారు. ఇందులో పర్యావరణ సేవ కూడా ఉందని చాలామందికి తెలియదు. గ్యాస్ మండితే బొగ్గు కన్నా దాదాపు సగమే కర్బన ఉద్గారం. మండకుండా గాలిలో కలిస్తే మాత్రం అందులోని మీథేన్, 20 ఏళ్ల లెక్కలో, బొగ్గుపులుసు వాయువు కన్నా 80 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. కాబట్టి బావి అంటుకున్నందుకు సంతోషించాలి. తోటలు మాడాయని ఏడవడం సంకుచితత్వం.

2014 జూన్ 27 సంగతీ ఎవరో ఒకరు ఎత్తుతారు. తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాస్ మోసుకెళ్లే గొట్టం తెల్లవారుజామున నగరం గ్రామంలో పేలింది. 20 మందికి పైగా చనిపోయారు. గ్యాస్‌లోని నీటిని వేరుచేసే ఏర్పాటు లేక గొట్టం లోపల తుప్పు పట్టిందని విచారణలో బయటపడింది. శివారు భూములకు నీళ్లు రావడం లేదని మా రైతులు ఏటా కాలువ గట్టు మీద మొత్తుకుంటారు. నీళ్లు రావడం లేదని ఎవరన్నారు? దారి వేరు, అంతే.

ఇక గ్యాస్ మాకు దక్కడం లేదన్న ఫిర్యాదు. కాకినాడ దగ్గర గాడిమొగలో ఒడ్డుకు చేరిన గ్యాస్ 2009లోనే సుమారు 1,400 కిలోమీటర్లు ప్రయాణించి గుజరాత్‌లోని భరూచ్ చేరుకుంది. అంత దూరం వెళ్లేవాళ్లకు పక్కింటి వాళ్లను పలకరించే తీరిక ఎక్కడిది? మా పొలంలో గొట్టం జాడ తెలిపే పసుపు రాయి పక్కనే నిలబడి, మా ఆవిడ సిలిండర్ బుక్ చేసి ఓటీపీ కోసం ఎదురుచూస్తుంది. సిగ్నల్ అక్కడే బాగా అందుతుంది మరి. వెలుతురుకూ లోటు లేదు. మిగులు గ్యాస్‌ను తగలబెట్టే మంట పుణ్యమా అని మా పుంజు రాత్రి రెండింటికే కూస్తోంది. సంక్రాంతికి దాని మీద పందెం కాయడానికి ఎవరూ సాహసించడం లేదు.

సభ రోజు రానే వచ్చింది. షామియానా, ముందు వరుసలో సోఫాలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు. కుర్చీలు నిండలేదని ఒకాయన గొణిగాడు. పాపం, చట్టం చదవలేదు. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ఈ సభ మొదలుపెట్టడానికి కోరం, అంటే కనీస హాజరు, అక్కరలేదు. జనం రాకపోయినా జనాభిప్రాయం వస్తుంది. అన్వేషణ బావుల తవ్వకానికైతే 2020 జనవరిలో ఈ షామియానా ఖర్చు కూడా తప్పించారు.

నివేదిక సారాంశం తెలుగులోనే చదివారు. 'పరిసర జీవావరణంపై ప్రభావం నగణ్యం' అన్న చోట వెనక వరుసలో ఒక ముసలమ్మ లేచింది.

"నగణ్యం అంటే ఏమిటి బాబూ?"

"లెక్కలోకి రానిదని అర్థం, మామ్మగారూ."

"అయితే మా ఊరి గురించే రాశారు" అని ఆవిడ తృప్తిగా కూర్చుంది.

నా వంతు వచ్చింది. విస్తరణను మనస్ఫూర్తిగా సమర్థిద్దామని గొంతు సవరించుకునేసరికి కరెంటు పోయింది. మైకు మూగబోయింది. డీజిల్ తెచ్చి జనరేటర్ తిప్పేలోగా సోఫాలు ఖాళీ అయ్యాయి. గుమస్తా మాత్రం రిజిస్టర్ పట్టుకుని ఉండిపోయాడు, సంతకం పెట్టి వెళ్లమన్నాడు. నా పేరుకు ఎదురుగా 'అభ్యంతరం లేదు' అని అప్పటికే రాసి ఉంది. దస్తూరి ముచ్చటగా ఉంది.