బార్మ్‌బ్రాక్ గారికి, డబ్లిన్ నుంచి ఒక అద్దెదారు

మహారాజశ్రీ బార్మ్‌బ్రాక్ గారికి,

డబ్లిన్ శివార్లలో రెండు పడగ్గదుల అద్దె ఇంటి నుంచి రాస్తున్నాను. ఉభయకుశలోపరి. ఇక్కడ మేం క్షేమం. మీరు క్షేమమా అని అడగను. మీ ఆఖరి ముక్క ఎవరి నోట్లోకి పోయిందో నాకు బాగా తెలుసు, ఈ ఉత్తరం దాని గురించే.

రాత్రంతా నా వంటింట్లో, నా గిన్నెలో నానినవాణ్ణి మీరు అనడానికి నోరు రావట్లేదు. నువ్వు అనేస్తాను, ఏమనుకోకు.

ఐర్లాండ్‌లో దెయ్యాల వేషాల పండగ హాలోవీన్‌కి నిన్ను తింటారు, సరే. అసలు నువ్వు కేకువా, రొట్టెవా? మా అత్తయ్య ఖమ్మం నుంచి వీడియో కాల్‌లో నిన్ను చూడగానే అడిగిన మొదటి మాట ఇదే. పైన క్రీము లేదు కాబట్టి కేకు అనలేం. తియ్యగా ఉన్నావు, ఒంటినిండా ఎండుద్రాక్ష కూరుకుని ఉన్నావు కాబట్టి రొట్టె అనీ అనలేం. ఐరిష్‌లో నిన్ను బైరీన్ బ్ర్యాక్ అంటారు, అంటే చుక్కల రొట్టె. ట్రౌట్ చేపకి ఒంటినిండా చుక్కలుంటాయి కదా, దాన్నీ ఆ భాషలో బ్ర్యాక్ అనే అంటారు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి బార్మ్‌బ్రాక్ అయ్యావు. ఆ భాషలో బార్మ్ అంటే బీరు పులిసేటప్పుడు పైకి తేలే నురుగు. ఈస్టు పొట్లాలు రాకముందు పిండి పొంగడానికి దాన్నే కలిపేవారు. ఇప్పుడు ఇళ్ళలో తేలిగ్గా చేసుకునే టీ బ్రాక్‌లో ఆ నురుగూ లేదు, ఈస్టూ లేదు. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో నీలో బార్మ్ అంత.

నీతో నా పరిచయం 2023 అక్టోబరులో మొదలైంది. మా పక్కింట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఒక్కతే ఉంటుంది. ఆవిడ ఒక పాత కవరు వెనక నీ జాతకం రాసిచ్చింది. 350 గ్రాముల ఎండుపండ్లు, 300 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ టీ, 225 గ్రాముల సెల్ఫ్ రైజింగ్ పిండి (బేకింగ్ పౌడర్ ముందే కలిపి అమ్మే మైదా), 125 గ్రాముల బ్రౌన్ షుగర్, ఒక గుడ్డు, ఒక చెంచా మిక్స్‌డ్ స్పైస్. వెన్నా లేదు, నూనే లేదు. పండ్లని రాత్రి టీలో నానబెట్టు, పొద్దున్న మిగతావి కలిపి కాల్చు, అంతే అంది.

స్ట్రాంగ్ టీ. ఈ రెండు మాటల దగ్గరే మేం మునిగాం. మా ఇంట్లో స్ట్రాంగ్ టీ అంటే ఒకటే. మా ఆయన పాలు మరగబెట్టి, అల్లం దంచి వేసి, రెండు యాలకులు చిదిపి, మూడు చెంచాల పొడి ఎక్కువే వేసి, గిన్నె నిండా పోశాడు. పొద్దున్న మూత తీస్తే పాలు విరిగి, ఒక్కో ఎండుద్రాక్షకీ తెల్లటి తరకలు అంటుకుని ఉన్నాయి. పెద్దావిడ వచ్చి చూసి, చాలాసేపు ఏమీ అనలేదు. ఐర్లాండ్‌లో టీపొడి కంపెనీల విషయంలో బ్యారీస్ వాళ్ళూ లయన్స్ వాళ్ళూ అని రెండు వర్గాలున్నాయి, ఇళ్ళలో గొడవలు కూడా అవుతాయి. మా గిన్నె చూశాక ఆ రెండు వర్గాలూ ఒక్కటైపోయేవి.

ఆ ఏడాది నిన్ను సూపర్‌మార్కెట్‌లో కొనుక్కొచ్చాం. అట్ట మీద ఉంగరం బొమ్మ, లోపల కాగితంలో చుట్టిన ఇత్తడి రంగు ఉంగరం. అది ఎవరి ముక్కలో వస్తే వాళ్ళకి ఏడాదిలోపు పెళ్ళి అన్నావు. మా ఆయనకి వచ్చింది. ఆయన దాన్ని చూసి నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. పెద్దావిడ చిన్నప్పుడు హాలోవీన్ రాత్రి నీ కడుపులో ఒక్క ఉంగరమే ఉండేది కాదట. నాణెం ఉండేది, వచ్చినవాళ్ళకి డబ్బు. గుడ్డముక్క ఉండేది, వచ్చినవాళ్ళకి దరిద్రం. బఠానీ గింజ వస్తే ఆ ఏడు పెళ్ళి కాదు. పుల్ల వస్తే పెళ్ళయినా కాపురం సరిగ్గా సాగదు. ఇవన్నీ తీసేసి, ఒక్క ఉంగరం ఉంచుకుని, అందరికీ శుభమే చెబుతున్నావు ఇప్పుడు. ఇది జోస్యమా, పెళ్ళిళ్ళ బ్రోకరు మాటలా? మా ఉగాది పంచాంగంలో ఆదాయం పక్కనే వ్యయం ఉంటుంది, రాజపూజ్యం పక్కనే అవమానం ఉంటుంది. ఆదాయం 2, వ్యయం 14 అని పంతులుగారు మైకులో చదువుతుంటే, ఆ రాశివాళ్ళు తల వంచుకుని పచ్చడి తింటారు. లేచిపోరు. ఏటా వస్తారు.

పాతకాలం బ్రాక్ అంటే నాకు అందుకే మర్యాద. 1845లో బంగాళాదుంపకి తెగులొచ్చి, ఆ తర్వాతి ఏళ్ళలో సుమారు పది లక్షలమంది ఆకలికీ రోగాలకీ పోయిన దేశం ఇది. కొత్త సంవత్సరం ముందు రాత్రి పల్లెల్లో పెద్ద రొట్టెని ఇంటి తలుపుకేసి కొట్టి, ఆకలిని పొమ్మని తరిమేవారట. అలాంటి చోట పండగ రొట్టెలో చేతులారా దరిద్రాన్ని చుట్టి పెట్టడానికి ఎంత గుండె కావాలి!

పుల్ల సంగతి మాత్రం నేను ఒప్పుకోను. అది మొగుడు పెళ్ళాన్ని కొట్టే కర్రకి గుర్తని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. ఈ దేశంలో విడాకులకి దారి తెరిచింది 1995 రెఫరెండం, అదీ యాభై శాతం మీద గీతంత తేడాతో. అంతకుముందు దాకా పుల్ల వచ్చిన ఆడది ఆ పుల్లతోనే బతకాలి. కాబట్టి నేను నాలుగే పెడదామనుకున్నాను.

2024లో హాలోవీన్ అక్టోబరు 31, మన దీపావళి కూడా అదే రోజు. ఇంకేం కావాలి. ముందురోజు రాత్రి పాలు లేని టీ కాచాను, నల్లగా, వగరుగా, చెంచా నిలబడేలా. మా ఆయన్ని వంటింట్లోకి రానివ్వలేదు. పొద్దున్నకి ద్రాక్షలు టీ అంతా తాగేసి, ఎక్కువసేపు స్నానం చేసిన పిల్లల వేళ్ళలా ఉబ్బి ఉన్నాయి. మిక్స్‌డ్ స్పైస్ డబ్బా మీద చదివితే దాల్చినచెక్క, జాజికాయ, లవంగం, ధనియాలు. సగం మా మసాలా డబ్బాయే, పేరు మార్చుకుని పరాయి దేశంలో బతుకుతోంది. పిండి పుణుగుల పిండికన్నా గట్టిగా, జంతికల పిండికన్నా జారుగా వచ్చింది.

తర్వాత జాతకాలు చుట్టాను, ఒక్కోటీ చిన్న బేకింగ్ కాగితంలో. కిందటేటి ఉంగరం. రెండు యూరోల బిళ్ళ. ఒక బఠానీ. గుడ్డముక్క కోసం ఇల్లంతా వెతికితే చిరిగిన మంగళగిరి చీర కొంగు ఒక్కటే దొరికింది. నీ చరిత్రలో ఇంత ఖరీదైన దరిద్రం ఎవరికీ వచ్చి ఉండదు.

160 డిగ్రీల దగ్గర గంటా పావు. పుల్ల గుచ్చి చూస్తే తడి లేదు (చూశావా, పుల్లకి ఇంతకన్నా మంచి పని ఉంది). దించాక వేడి మీదే కొయ్యబోతే పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. చల్లారాలి, ముక్కలు పల్చగా కాదు, వెన్న పళ్ళ గుర్తులు పడేంత మందంగా రాయాలి. ఆ వెన్న చూసి మా ఆయన కొలెస్ట్రాల్ గురించి ఏదో అనబోయి మానుకున్నాడు.

సాయంత్రం ఐదుకే చీకటి. గుమ్మంలో ప్రమిదలు పెట్టాను. దెయ్యాల వేషాల్లో చాక్లెట్లకి వచ్చిన పిల్లలు వాటిని చూసి, మీ హాలోవీన్ డెకరేషన్ చాలా బాగుంది అన్నారు. లక్ష్మీదేవి ఏమనుకుందో తెలీదు. ఇక్కడ మామూలు జనం టపాసులు కాల్చడం నేరం. ఆ చట్టానికి భయపడి మేం ప్రమిదలతో సరిపెట్టుకుంటే, వీధి వీధంతా మా ఊరికన్నా ఎక్కువ మోగింది.

నిన్ను కోసింది తొమ్మిదింటికి. అప్పటికి మా అత్తయ్యకి అర్ధరాత్రి దాటి రెండున్నర, అయినా వీడియోలో కూర్చుంది. కారణం మా మరిది. ముప్ఫై మూడేళ్ళు, డబ్లిన్‌లోనే ఉద్యోగం, మూడు మ్యాట్రిమోనీ సైట్లలో ఒకటే ఫొటో. ఉంగరం సంగతి ఎవరు చెప్పారో ఆవిడకి చెప్పారు.

వాడు కొరికాడు. టక్కుమంది. అందరం ఊపిరి బిగబట్టాం. కాగితం విప్పితే బఠానీ.

"ఏంట్రా అది?" అంది అత్తయ్య.

"బఠానీ అమ్మా."

"అంటే?"

ఎవరూ మాట్లాడలేదు. మా అమ్మాయికి ఏడేళ్ళు, బడిలో నేర్చుకుంది, గడగడా చెప్పేసింది. "బాబాయికి ఈ ఇయర్ పెళ్ళి అవ్వదు నానమ్మా!"

ఫోన్‌లో కాసేపు ఫ్యాన్ చప్పుడు మాత్రం వినిపించింది. తర్వాత, "అమ్మాయ్, ఇంకో ముక్క కొయ్యి వాడికి" అంది అత్తయ్య. కోశాను. ఏమీ రాలేదు. "ఇంకోటి కొయ్యి." వదినా ఇంక తినలేను అని వాడు బతిమాలుతున్నాడు. నాలుగో ముక్క దగ్గర పెద్దావిడకి విషయం అర్థమైంది. ఏమీ అనకుండా తన ముక్కలోంచి వచ్చిన కాగితం పొట్లం బల్ల మీద పెట్టింది. ఉంగరం ఎప్పుడో ఆవిడకే వచ్చింది. కావాలంటే అబ్బాయికి ఇచ్చేస్తాను అంది. అత్తయ్యకి తర్జుమా చేసి చెప్పాను. "వద్దులే, ఆవిడకి వచ్చింది ఆవిడకే ఉండనీ" అని, దీపావళి పూట గొప్ప మనసుతో ఫోన్ పెట్టేసింది. పెద్దావిడ ఆ ఇత్తడి ఉంగరాన్ని చిటికెన వేలికి పెట్టుకుంది. మొన్న బిన్లు బయట పెడుతున్నప్పుడు చూశాను, ఇంకా అలాగే ఉంది.

గుడ్డముక్క నాకే వచ్చింది. నేను కట్టుకున్న చీర కొంగు, నేను చుట్టిన కాగితం. నవ్వుకున్నాను. డబ్లిన్‌లో అద్దె కట్టేవాళ్ళకి ఇది వేరే జోస్యంలో చెప్పాలా?

నాణెం రాలేదు. మిగిలినవి రెండు ముక్కలు. శనివారం మా ఇంటి ఓనరు బాయిలర్ చూడ్డానికి వచ్చాడు. దాన్ని బాగుచెయ్యమని వేడినీళ్ళు లేకుండా ఆరు వారాలుగా అడుగుతున్నాం. ఇంటికొచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపకూడదని పెంచారు మమ్మల్ని. టీ ఇచ్చి, నీ ముక్క ఒకటి వెన్న రాసి పళ్ళెంలో పెట్టాను. రెండు ముక్కల్లో అదే ఎందుకు తీశానో నాకు తెలీదు. కొరికాడు, ఆగాడు, కాగితం పొట్లం బయటికి తీసి విప్పాడు. రెండు యూరోల బిళ్ళని చొక్కాకి తుడుచుకుని, దీపం దగ్గర పెట్టి చూసి, జేబులో వేసుకున్నాడు. బాయిలర్ గురించి కనుక్కుంటానన్నాడు.

నిన్న అతని దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఇక్కడ అద్దె ఇష్టమొచ్చినట్టు పెంచడానికి లేదు, ఏడాదికి రెండు శాతం దాటకూడదని హద్దుంది, 90 రోజుల ముందు రాసివ్వాలి. అతను పద్ధతిగల మనిషి. 90 రోజుల ముందే రాశాడు, చట్టం ఎంత ఒప్పుకుంటే అంత, ఒక్క సెంటు తక్కువ కాకుండా.

నా రెండు యూరోల సంగతి ఏం చేస్తావో చెప్పు. జవాబు తొందరగా రాయి, ఫిబ్రవరి దాటితే ఈ అడ్రసులో ఉంటామో లేదో.

ఇట్లు,
గుడ్డముక్క వచ్చిన మనిషి

తా.క. బాయిలర్ ఇంకా అలాగే ఉంది.