దొంగగారూ, బిల్లు తీసుకున్నారా?

నేరాలు తగ్గించడానికి రకరకాల దారులు వెతికి అలసిపోయిన అమెరికా పెద్దలు చివరికి ఏ ప్రభుత్వానికైనా బాగా చేతనైన పని మొదలుపెట్టారు. పన్ను వేశారు. తుపాకులు నిషేధిద్దామంటే, వాటిని ఉంచుకునే హక్కునిచ్చే రాజ్యాంగ రెండో సవరణ అడ్డం. పోనీ ఊరుకుందామంటే రోజూ టీవీ చూడాలంటేనే టెన్షన్. అందుకని మధ్యేమార్గం కనిపెట్టారు: తుపాకీ కొనుక్కో నాయనా, కాల్చుకో, మా వాటా మాత్రం కౌంటర్లో కట్టి వెళ్లు.

ఇందులో సియాటిల్ నగరానిది పెద్ద చెయ్యి. 2016 నుంచి అక్కడ తుపాకీకి 25 డాలర్లు, తూటాకు 5 సెంట్లు. చిన్న తూటా అయితే 2 సెంట్లు. చిన్నదానితో కాలిస్తే నొప్పి తక్కువని కాబోలు.

ఈ 5 సెంట్ల దగ్గర కాస్త ఆగుదాం. ఒక దొంగగారు అర్ధరాత్రి గ్యాస్ స్టేషన్ దోచుకోవడానికి బయల్దేరారనుకోండి. రివాల్వర్లో ఆరు తూటాలు, పన్ను 30 సెంట్లు. ఆయన కారులో కూర్చుని లెక్క వేసుకుని, "అబ్బే, గిట్టుబాటు కాదు" అనుకుని ఇంటికెళ్లి పడుకోవాలి. పథకం సారాంశం ఇంతే. కౌంటర్ వెనక నైట్ షిఫ్టులో ఎవరుంటారో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఎమ్మెస్ చదవడానికి వెళ్లిన పిల్లల ఫొటోలు మన జిల్లా పేజీల్లో చూస్తూనే ఉన్నాం. ఆ పిల్లాడికీ తూటాకూ మధ్య ప్రభుత్వం 30 సెంట్ల గోడ కట్టింది.

దొంగగారు ఆ తుపాకీని దుకాణంలో కొన్నారని ఎవరు చెప్పారు? ఎవరి కారు అద్దమో పగలగొట్టి తెచ్చుకున్నారు. అందులో తూటాలు ముందే ఉన్నాయి. పన్ను కట్టినవాడు పోలీస్ స్టేషన్లో కంప్లైంట్ రాస్తున్నాడు.

నిజానికి ఈ పన్ను భారమంతా ఇంకొకాయన మోస్తున్నాడు. రిటైరయ్యాక ప్రతి శనివారం షూటింగ్ రేంజ్‌కి వెళ్లే పెద్దాయన. ఒక్క పూటలో 200 తూటాలు పేలుస్తాడు. 10 డాలర్లు పన్ను కడతాడు. ఇన్నేళ్లలో ఆయన చేసిన హత్యలన్నీ అట్ట మీద గీసిన బొమ్మలవే. మామూలుగా ఏ హంతకుడూ ఇన్ని తూటాలు వాడడు కాబట్టి, తూటాల లెక్కన వేసే పన్ను అన్నిటికంటే గట్టిగా కాపాడేది అట్టబొమ్మల ప్రాణాలనే.

సియాటిల్ వాళ్లు ఏడాదికి 3 నుంచి 5 లక్షల డాలర్లు రాబడి వస్తుందని అంచనా వేశారు. మొదటి ఏడాది లక్ష దాటి ఆగింది. ఒక దుకాణదారు ఈ పన్ను పరిధి దాటి ఉత్తరాన ఉన్న లిన్‌వుడ్‌కి మకాం మార్చేశాడు. 2020 మేలో ఆంధ్రప్రదేశ్‌లో మద్యం ధరలు 75 శాతం పెంచి, షాక్ కొడితే తాగుడు మానేస్తారన్నప్పుడు, తెలంగాణ సరిహద్దు నుంచి బైకు డిక్కీల్లో సీసాలు ఎలా వచ్చాయో చూసిన మనకు లిన్‌వుడ్ ఎక్కడుందో మ్యాప్ చూడకుండానే తెలుసు.

ఫెడరల్ ప్రభుత్వానిది ఇంకా పాత వ్యవహారం. తుపాకులు, తూటాల మీద 1919 నుంచే పన్ను ఉంది. ఇప్పుడది పిస్టళ్లకు 10 శాతం, రైఫిళ్లకు, తూటాలకు 11 శాతం. 1937లో చట్టం చేసి ఆ డబ్బును అడవి జంతువుల సంరక్షణకు మళ్లించారు. పెద్ద కాల్పుల ఘటన జరిగి, ఇక నిషేధిస్తారేమోనన్న మాట పుట్టగానే జనం దుకాణాల ముందు బారులు తీరతారు. అమ్మకాలు పెరుగుతాయి, పన్ను పెరుగుతుంది, బాతులకు చెరువులు బాగుపడతాయి. మనుషులు భయపడిన ఏడాది బాతులకు పండగ.

కాలిఫోర్నియా 2024 జులై 1 నుంచి దీని మీద ఇంకో 11 శాతం వేసింది. ఆ సొమ్ము హింసా నివారణ పథకాలకు, స్కూళ్ల భద్రతకు వెళ్తుంది. మంచి పనే. కాకపోతే ఆ పథకం నడిపే అధికారి పరిస్థితి ఆలోచించండి. తుపాకులు అమ్ముడైతేనే బడ్జెట్, అమ్ముడవకపోతేనే విజయం. ఉదయం దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు ఏం కోరుకోవాలో తెలియక ఊరికే కళ్లు మూసుకుని నిలబడి ఉంటాడు.

ఎదుటి వర్గాన్ని వదిలేస్తే పాపం. హక్కు మీద పన్నేమిటని వాళ్ల గోల. ఫ్లోరిడాలో 2025 ఆగస్టంతా పిల్లల బ్యాగులకు, పెన్సిళ్లకు సేల్స్ ట్యాక్స్ మినహాయించారు. అది ముగిసి వారమయ్యాక, సెప్టెంబర్ 8 నుంచి డిసెంబర్ 31 దాకా, తుపాకులకు, తూటాలకు, టెంట్లకు, గాలాలకు మినహాయించారు. పెన్సిల్‌కి ఒక నెల, పిస్టల్‌కి దాదాపు నాలుగు నెలలు. తుపాకీ చప్పుడు తగ్గించే సైలెన్సర్ మీద 1934 నుంచి ఉన్న 200 డాలర్ల ఫెడరల్ పన్నును కూడా 2026 జనవరి 1 నుంచి సున్నా చేశారు. ఫారం మాత్రం నింపాలి. వేలిముద్రలు, ఫొటో కూడా ఇవ్వాలి.

పన్ను వేద్దామనేవాళ్లలో ధైర్యం ఉన్న మనిషి ఒక్కరే కనిపిస్తారు, సెనేటర్ డానియల్ పాట్రిక్ మోయినిహాన్. 1993లో శరీరంలో దిగాక విచ్చుకునే ఒక రకం తూటాల మీద 10,000 శాతం పన్ను వేద్దామన్నారు. నెగ్గలేదనుకోండి. ఆయన 1973లో ఢిల్లీకి అమెరికా రాయబారిగా వచ్చారు. అప్పుడు మన ఆదాయపు పన్ను పై స్లాబు సర్‌ఛార్జీతో కలిపి 97.75 శాతం. ఆ ప్రేరణ ఎక్కడిదో నేను ఊహించగలను.

ఇరువర్గాలకూ నాదొక ప్రతిపాదన. సియాటిల్ పక్క రాష్ట్రం ఒరెగాన్‌లో సోడా డబ్బా మీద 10 సెంట్ల డిపాజిట్ ఉంది. ఖాళీ డబ్బా తిరిగిస్తే వాపసు. అంటే సియాటిల్ తూటా పన్నుకు సరిగ్గా రెట్టింపు. తూటాలకూ ఇదే పెట్టండి. కాల్చాక మిగిలే ఖాళీ షెల్ తెచ్చిస్తే 10 సెంట్లు. పిస్టల్‌తో కాలిస్తే షెల్స్ అక్కడే రాలతాయి కాబట్టి, ఏరుకునే పోలీసు శాఖకు అదో ఆదాయం. రివాల్వర్ అయితే షెల్స్ లోపలే ఉండిపోతాయి. చట్ట ప్రకారం ఆ డిపాజిట్ దొంగగారిదే. రెండు ఐడీ కార్డులు చూపించి తీసుకెళ్లవచ్చు.