సున్నా వోల్టులకు బిల్లా?

మన ఇళ్లకొచ్చే కరెంటు సగటు వోల్టేజి సున్నా. ఇది ఆరోపణ కాదు, లెక్క. సెకనుకు 50 సార్లు అది +325 వోల్టులకు ఎక్కుతుంది, అన్నిసార్లూ −325కి దిగుతుంది. ప్రమేయం సగటు విలువ ఎలా కట్టాలో ఇంటర్‌లోనే చెప్పారు: అవధి మొత్తానికీ సమాకలనం చెయ్యి, అవధి పొడవుతో భాగించు. ఒక పూర్తి ఆవృత్తికి, అంటే 20 మిల్లీసెకన్లకు, కట్టి చూడండి. పైన ఉన్న గుట్ట కింది గుంటలో పడి నేల చదునైపోతుంది. చదును నేలకు నెలనెలా శిస్తు వసూలు చేయడం ఏ ధర్మశాస్త్రంలో ఉందో డిస్కం పెద్దలు సెలవియ్యాలి.

వాళ్ల దగ్గర జవాబు లేకపోలేదు. వోల్టేజి సగటు కాదు, పవర్ సగటు చూడమంటారు. గీజరులో వోల్టేజి మైనస్ అయినప్పుడు కరెంటూ మైనస్సే, రెండూ గుణిస్తే ప్లస్. వెయ్యి వాట్ల గీజరు వెయ్యి దగ్గర నిలకడగా ఉండదు. సున్నాకీ రెండు వేలకీ మధ్య సెకనుకు వందసార్లు ఊగుతుంది. సగటుల లబ్ధం సున్నా, లబ్ధం సగటు వెయ్యి. ఈ రెంటినీ ఒకటే అనుకుంటే పరీక్షలో మార్కులు పోతాయి, స్నానాల గదిలో చెయ్యి కాలుతుంది.

మరి 230 ఎక్కడిది? వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి పుడుతుంది గనక వర్గం చేసి, సగటు తీసి, వర్గమూలం కడతారు. మన కరెంటులా నున్నగా ఎక్కి దిగే సైన్ తరంగానికైతే 325ను 1.414తో భాగిస్తే చాలు. దీని పేరు ఆర్ఎంఎస్ (రూట్ మీన్ స్క్వేర్). సగం ఆవృత్తికే మామూలు సగటు తీస్తే 325ను 0.637తో గుణించాలి, 207 వస్తుంది. ఒకే తీగలో సున్నా, 207, 230. ఎవరి సగటు వారిది!

చౌక మల్టీమీటరు ఈ ప్రజాస్వామ్యాన్ని బాగా వాడుకుంటుంది. లోపల వర్గాలూ మూలాలూ ఏమీ ఉండవు. తరంగం కింది భాగాన్ని పైకి మడిచి, 207 కొలిచి, 1.11తో గుణించి, 230 అని గంభీరంగా చూపిస్తుంది. సైన్ తరంగం మీద దొరకదు. ఒక్కసారిగా పైకీ కిందికీ దూకే చదరపు తరంగం మీద పెడితే ఉన్నదానికంటే 11 శాతం ఎక్కువ చెబుతుంది.

ఇన్వర్టరు దగ్గర ఇంకా రంజుగా ఉంటుంది. ప్రతి అర్ధావృత్తిలో సగంసేపు 325, మిగతా సగంసేపు సున్నా ఇచ్చే రకం ఒకటుంది. నిజం ఆర్ఎంఎస్ సరిగ్గా 230. మన మీటరు మాత్రం 162.5 కొలిచి, 1.11తో గుణించి, 180 అంటుంది. "అయ్యో, తక్కువొస్తోందే" అని బోర్డు మీది ప్రీసెట్ మర తిప్పి పల్సు వెడల్పు, అంటే 325 నిలిచే సేపు, పెంచారా, మీటరులో 230 కనిపించేసరికి అసలు వోల్టేజి 259 దాటుతుంది. దానికి తగిలించిన ఇస్త్రీపెట్టె నాలుగో వంతుకు పైగా అదనంగా వేడెక్కుతుంది. చొక్కా కాలిందని కంపెనీని తిట్టడం తర్వాతి మెట్టు. మీటరు మీద 'ట్రూ ఆర్ఎంఎస్' (నిజంగానే వర్గాల సగటు కట్టే రకం) అని రాసుందో లేదో చూసుకోవడం మాత్రం ఎవరికీ తోచదు.

ఇక మొదటి వినతి సంగతి. పవర్ సగటు వాదానికి మేం తలొగ్గుతున్నాం, బిల్లు కట్టేస్తాం. కాకపోతే డబ్బు కూడా వోల్టేజి వచ్చిన పద్ధతిలోనే ఇస్తాం: సెకనుకు యాభైసార్లు చేతిలో పెట్టి, యాభైసార్లు వెనక్కి తీసుకుంటాం. రసీదు మాత్రం ఆర్ఎంఎస్‌కి రాయాలి.