హీటర్ హమ్: డీసీ పెట్టాలా, వైరింగ్ మార్చాలా?

తమ్ముడు కట్టిన ట్యూబ్ గిటార్ ఆంప్ ఆన్ చేయగానే గుయ్యిమంటోంది, అదే హమ్. ట్యూబులను లోపలి నుంచి వేడెక్కించే హీటర్లకు ఏసీ బదులు డీసీ ఇస్తే పోతుందని అతని పట్టు. అన్న ఒప్పుకోవడం లేదు.

తమ్ముడు: హీటర్‌లో ఏసీ ఉన్నంతకాలం ఈ హమ్ పోదన్నయ్యా. 6.3 వోల్టుల హీటర్ వైండింగ్‌కి ఏసీని డీసీగా మార్చే డయోడ్ల బ్రిడ్జి, ఆపైన వోల్టేజీని 6 దగ్గర నిలిపే 7806 రెగ్యులేటర్ వేసేస్తా.

అన్న: అది హీటర్ హమ్మేనని ఎలా తేల్చావురా?

తమ్ముడు: గిటార్ సిగ్నల్ ముందుగా చేరే ప్రీయాంప్ ట్యూబ్, ఆ మొదటి 12ఏఎక్స్7 పీకితే ఆగిపోయింది.

అన్న: అంటే హమ్ ఆ ట్యూబ్ దగ్గరో, దానికి ముందో పుడుతోందని తెలిసింది, అంతే. గిటార్ ఆరో తీగ మూడో ఫ్రెట్ మీటు. అది 98 హెర్ట్జ్. మెయిన్స్ 50 హెర్ట్జ్ ఉన్న చోట, హెచ్‌టీ, అంటే ట్యూబులకిచ్చే ఎక్కువ వోల్టేజీ డీసీ, దాని ఫిల్టర్ చాలక వచ్చే హమ్ 100 హెర్ట్జ్, దాదాపు అదే స్వరం. హీటర్‌ది ఒక స్థాయి (ఆక్టేవ్) కింద, 50 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది.

తమ్ముడు: నాది కిందిదే.

అన్న: అయితే హీటర్‌ని అనుమానించొచ్చు. ప్లగ్ తీసి, హెచ్‌టీ కెపాసిటర్లు డిశ్చార్జి అయ్యాయని మీటర్‌తో చూసుకున్నాకే చాసిస్ తిరగెయ్. ఇదిగో, హీటర్ వైర్లు రెండూ పక్కపక్కనే తిన్నగా లాగావు. పైగా రెండో పిన్నుకు, అంటే సిగ్నల్ లోపలికొచ్చే గ్రిడ్‌కు, ఆనుకునే పోతున్నాయి. హమ్ అందుకోవడానికి ఆ గ్రిడ్‌కి ఈ మాత్రం దగ్గరితనం చాలు. రెండింటినీ బిగువుగా మెలిపెట్టు, మెలిక సాకెట్ పిన్ను దాకా రావాలి. చాసిస్ మూలకు ఆనించి తీసుకెళ్లు. గ్రిడ్ వైరు దాటాల్సి వస్తే అడ్డంగా దాటించు, వెంబడి పోనివ్వకు. ఇంకోటి, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ముందు పవర్ ట్యూబులకు ఇచ్చి, మొదటి ప్రీయాంప్ ట్యూబ్‌ని చివర పెట్టు. అప్పుడు దాని దగ్గరి వైర్లో దాని 300 మిల్లీఆంపులే పారుతాయి. నువ్వు తిరగేసి కట్టావు. రెండు ఈఎల్34 పవర్ ట్యూబుల 3 ఆంపులూ దాని పక్క నుంచే పోతున్నాయి.

తమ్ముడు: సరే, అది నా తప్పే. కానీ డీసీ అయితే మెలికల గొడవే ఉండదుగా?

అన్న: 6.3ని రెక్టిఫై చేస్తే శిఖరం 8.9. డయోడ్లు ఓ వోల్టున్నర తినేస్తాయి. 7806కి 8 వోల్టులైనా కావాలి. చాలక రిపుల్, అంటే డీసీలో మిగిలిన హెచ్చుతగ్గులు, నేరుగా దాటిపోతుంది.

తమ్ముడు: రెగ్యులేటర్ మానేస్తా. ఒక్క ట్యూబుకి 10,000 మైక్రోఫారడ్లు వేస్తే రిపుల్ 0.3 వోల్టే.

అన్న: లెక్క బాగుంది. కానీ అదే వైండింగ్ సెంటర్ ట్యాప్, అంటే మధ్య నుంచి తీసిన వైరు, ఎర్త్ అయి ఉంది. బ్రిడ్జి మైనస్‌ని కూడా చాసిస్‌కి కలిపావా, ప్రతి సైకిల్‌లో సగం వైండింగ్ డయోడ్ గుండా షార్ట్ అవుతుంది. డీసీకి వేరే వైండింగ్ కావాలి.

తమ్ముడు: మరి హీటర్ నుంచి దాని చుట్టూ ఉండే కాథోడ్‌కి లీకయ్యేదో? దాన్ని ఏ మెలికా ఆపదు. నాది హై గెయిన్ ఆంప్, నాలుగు గెయిన్ స్టేజీలు. మొదట్లో దూరిన చిన్న హమ్ చివరికి కొండంత అవుతుంది.

అన్న: ఇది గట్టి మాటే. దానికి సెంటర్ ట్యాప్‌ని ఎర్త్ నుంచి విడదీసి 45 వోల్టుల డీసీ మీద కూర్చోబెట్టు. నీ హెచ్‌టీ 350 వోల్టులు, కాబట్టి 220కే, 33కే ఓమ్‌ల రెసిస్టర్లతో డివైడర్ సరిపోతుంది. 33కేకి సమాంతరంగా ఓ 10 మైక్రోఫారడ్ వెయ్. హీటర్ కాథోడ్ కన్నా పాజిటివ్‌లో ఉంటే ఎలక్ట్రాన్లు అటు దూకవు.

తమ్ముడు: ఇవన్నీ చేసినా మిగిలితే?

అన్న: మొదటి ట్యూబ్ హీటర్ని లైన్ నుంచి విడదీసి, 6 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ తగిలించు. మైనస్ చాసిస్‌కి. హమ్ పోతే నీ మాటే నెగ్గింది, ఆ ఒక్క ట్యూబుకీ వేరే వైండింగ్‌తో డీసీ పెడదాం. నేనే సోల్డర్ చేస్తా.

తమ్ముడు: బ్యాటరీతోనూ పోకపోతే?

అన్న: అప్పుడు డీసీతోనూ పోదు. ఇన్‌పుట్ జాక్ ఎర్త్ ఎక్కడ కలిపావో చూద్దాం.