షార్డొనే పుట్టిల్లు జెరూసలేం కాదు

షార్డొనే అనే తెల్ల వైన్ ద్రాక్షను శిలువ యుద్ధ వీరులు జెరూసలేం ప్రాంతం నుంచి ఫ్రాన్స్‌కు తెచ్చారని, లెబనాన్‌లోని ఒబైదే అనే ద్రాక్ష రకం దాని పూర్వ రూపమని ఒక కథ ఏళ్ల తరబడి తిరుగుతోంది. అందులో నిజం లేదు.

ముందు వీరుల సంగతి. షార్డొనే తల్లిదండ్రులెవరో 1999లోనే తేలిపోయింది. కాలిఫోర్నియాలోని డేవిస్, ఫ్రాన్స్‌లోని మోంపెల్యే శాస్త్రవేత్తలు 300కు పైగా ద్రాక్ష రకాల డీఎన్‌ఏలోని 32 చోట్లను పోల్చి చూశారు. అలాంటి ప్రతి చోటా మొక్కకు తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు వస్తాయి. షార్డొనేలోని పాళ్లు పినో, గువే బ్లాఁ అనే రెండు రకాలతో సరిపోయాయి. ఈ రెండూ మధ్యయుగాల్లో ఈశాన్య ఫ్రాన్స్‌లో పక్కపక్కనే పెరిగాయి. పుప్పొడి కలిసింది, గింజ మొలిచింది, ఆ మొక్క నచ్చి ఎవరో దాని కొమ్మలు నాటుతూ పోయారు. బంగినపల్లి టెంక నాటితే వచ్చే చెట్టు అచ్చంగా బంగినపల్లి కానట్టే, ద్రాక్ష గింజ నుంచి వచ్చేది కొత్త రకమే.

ఆ జంటకు షార్డొనే ఒక్కటే సంతానం కాదు. గామే, అలిగోతే, మెలాన్‌తో కలిపి మొత్తం 16 రకాలు అదే అధ్యయనంలో బయటపడ్డాయి. అన్నీ ఈశాన్య ఫ్రాన్స్‌లో చిరకాలంగా సాగులో ఉన్నవే. తోబుట్టువులంతా అక్కడే ఉండగా ఈ ఒక్కటే సముద్రాలు దాటి వచ్చిందని ఎలా నమ్మాలి?

ఇక ఒబైదే. షార్డొనేకు తల్లీ తండ్రీ ఇద్దరూ దొరికాక దానికి ఆ వరుసలో చోటు లేదు. అది లెబనాన్ సొంత రకం, దాని గౌరవం దానికి ఉంది.

ఈ కథ చేసే అసలు అన్యాయం గువేకు. షార్డొనేకు తల్లి అదేనని తరువాతి పరిశోధన చూపింది. నాసిరకమని చిన్నచూపు చూసి, పలుమార్లు నిషేధించినా సామాన్య రైతులు పెంచుకున్న తీగ అది. ఆ రైతుల ఘనతను గుర్రమెక్కి వచ్చిన వీరులకు కట్టబెట్టడం నాకు సమ్మతం కాదు. దాని సంతానానికీ అవమానం తప్పలేదు: తూర్పు ఫ్రాన్స్‌లోని బర్గండీ పాలకుడు ఫిలిప్ 1395లో గామేను పెరికివేయమని శాసనం చేశాడు.

"ద్రాక్ష మూలం పశ్చిమాసియాయే కదా" అనేవారూ ఉన్నారు. సాగు ద్రాక్ష విషయంలో అది సబబే. పశ్చిమాసియా అంచున ఉన్న జార్జియా దేశంలో సుమారు 8,000 ఏళ్ల నాటి మట్టి పాత్రల్లో వైన్ ఆనవాళ్లు దొరికినట్టు 2017లో వెల్లడైంది. అయితే ద్రాక్ష సాగు మొదలైన చోటే ప్రతి రకమూ పుట్టాలని లేదు. ఆ పాత్రలకూ షార్డొనే గింజ మొలకెత్తడానికీ మధ్య కొన్ని వేల ఏళ్ల దూరం ఉంది.