మార్కులొచ్చాయి, దారి చూపేదెవరు?

పదో తరగతి ఫలితాలొచ్చిన వారం రోజుల్లో ఏ మండల కేంద్రంలో నెట్ సెంటర్‌కి వెళ్లినా ఈ దృశ్యం కనబడుతుంది. మెమో, ఆధార్, కుల ధ్రువపత్రం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఓ అమ్మాయి, పక్కనే కూలి మానుకుని వచ్చిన తండ్రి. దరఖాస్తులో ఫోన్ నంబరు అడుగుతుంది. తండ్రి సిమ్‌కి రీచార్జ్ అయిపోయి ఉంటుంది. సెంటర్ కుర్రాడు తన నంబరే కొట్టేస్తాడు. ఓటీపీ అతనికే వస్తుంది, తర్వాత సీటొచ్చిందన్న మెసేజ్ కూడా అతనికే వెళుతుంది. రోజూ ఎందరికో ఫారాలు నింపే అతనికి ఈ పిల్ల గుర్తుండదు. కాలేజీలో రిపోర్ట్ చేయాల్సిన గడువు దాటిపోతుంది. నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోతుంది.

అవకాశాలు లేవా అంటే, ఉన్నాయి. ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. కానీ ఆ పరీక్ష ఎనిమిదో తరగతిలోనే రాయాలి, అప్పుడు చెప్పేవాళ్లు లేకపోతే మళ్లీ రాయడానికి లేదు. 2008లో పల్లె పిల్లల కోసమే పెట్టిన ఆర్జీయూకేటీ (రాజీవ్ గాంధీ వర్సిటీ) ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులతోనే, ఇంటర్, బీటెక్ కలిసిన ఆరేళ్ల చదువుకు సీటిస్తారు. పాలిటెక్నిక్ చేసినవాళ్లు ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఈ సంగతులు ఎన్ని ఇళ్లకు తెలుసు? ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు మాత్రం పరీక్షలు కాకముందే గడపలోకి వచ్చి కూర్చుంటున్నారు. సర్కారు తరఫున ఆ గడప తొక్కేవాళ్లే లేరు.

అందుకే ప్రతి ప్రభుత్వ హైస్కూల్లో ఒక టీచర్‌కి పిల్లలకు దారి చూపే ఈ పని అప్పగించాలని కోరుతున్నాం. ఉన్న పనుల మీద ఇదొకటి రుద్దితే లాభం లేదు, వారానికి కొన్ని పీరియడ్లు తగ్గించి ఇవ్వాలి. ఎనిమిదో తరగతి నుంచే మొదలుపెట్టాలి. ఆధార్‌లో ఒకలా, స్కూలు రిజిస్టర్లో ఒకలా ఉన్న పేరును పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) పంపే ముందే సరిచేయిస్తే తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. తెలుగు మీడియంలో 'త్వరణం' అని చక్కగా లెక్క చేసిన పిల్ల, ఇంటర్లో 'యాక్సిలరేషన్' అనగానే తనకేమీ రాదనుకుని బిక్కచచ్చిపోతుంది. రెండు నెలలు పోయేసరికి బ్యాగు సర్దుకుని ఇంటికొచ్చేస్తుంది. వేసవిలో నాలుగు వారాలు ఆ మాటలు అలవాటు చేయిస్తే చాలామంది నిలబడతారు. అదే ఊరి నుంచి వెళ్లి బీటెక్ చదువుతున్న అన్నలు, అక్కలు సెలవులకు వస్తూనే ఉంటారు. పిలిస్తే కాదనరు.

ఆ టీచర్ పేరు, ఫోన్ నంబరు జూన్‌లో బడి తెరిచిన వారంలోనే నోటీసు బోర్డు మీద కనబడాలి. దరఖాస్తులో రెండో నంబరుగా దాన్ని రాయించాలి. సీటొచ్చిందన్న మెసేజ్ ముందుగా ఆ పిల్ల కోసం ఎదురుచూసే మనిషికి చేరాలి.